బ్రైటన్ రాయల్ పెవిలియన్‌లో భారత సిపాయిల ఆసుపత్రి గ్యాలరీ: ఒక సమీక్ష

ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న బ్రైటన్‌కు వెళ్లే మన తెలుగువాళ్లు సాధారణంగా సముద్రపు ఒడ్డున తిరిగి, పిల్లలను పియర్ మీద ఆడించి, సాయంత్రం రైలుకు లండన్ చేరుకుంటారు. ఊరి నడిబొడ్డున మొగలాయి గుమ్మటాలతో నిలిచిన రాయల్ పెవిలియన్‌లోకి టికెట్ కొని వెళ్లేవారు సైతం నాలుగో జార్జి రాజు కట్టించుకున్న విలాసపు గదులను, పైకప్పు నుంచి వేలాడే డ్రాగన్ల దీపగుచ్ఛాలను చూసి సంతృప్తిపడి బయటికి వచ్చేస్తారు. ఇదే భవనం 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి దాకా భారత సిపాయిల ఆసుపత్రిగా పనిచేసిందనీ, ఆ చరిత్రకు లోపల ప్రత్యేకంగా ఒక గ్యాలరీ కేటాయించారనీ తెలిసి వెళ్లేవారు చాలా తక్కువ. ఈ సమీక్ష ఆ గ్యాలరీ గురించి, దానితో కలిపి చూడవలసిన, సిపాయిలను దహనం చేసిన చోట కట్టిన ఛత్రీ స్మారకం గురించి. నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఇది తప్పక వెళ్లవలసిన చోటు, కానీ ఆ సిపాయిలు ఇళ్లకు రాసుకున్న ఉత్తరాలు కొన్నైనా చదివి వెళ్లాలి. వారి శరీరాలకు జరిగిన వైద్యం ఈ భవనంలో కనబడుతుంది. వారి మనసులు పడిన క్షోభ ఆ ఉత్తరాల్లోనే దొరుకుతుంది.

ముందుగా ఆ సిపాయిలు ఎవరో గుర్తు చేసుకోవాలి. 1914 సెప్టెంబరు చివరలో లాహోర్ డివిజన్, దాని వెనుకే మీరట్ డివిజన్ ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగాయి. పంజాబు సిక్కులు, ముస్లిములు, జాట్లు, డోగ్రాలు, గఢ్వాలీలు, గూర్ఖాలు, సరహద్దు పఠాన్లు ఆ దళాల్లో ఉన్నారు. వీరిలో అత్యధికులు సేద్యం చేసుకునే కుటుంబాల పిల్లలు. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. అప్పుల్లో ఉన్న ఇంటికి అది ఆసరా. సైన్యంలో పనిచేసినవారికి పంజాబు కాలువల కింద భూమి దక్కే అవకాశం ఉండటం మరో ఆశ. ఇంటికి ఒక కొడుకు నాగలి పట్టడం, ఇంకొకడు తుపాకి పట్టడం ఆ పల్లెల్లో తరాలుగా సాగిన ఏర్పాటు. అయితే ఆ ఏర్పాటులో వారు ఊహించిన యుద్ధం సరహద్దు కొండల్లో జరిగే చిన్నపాటి పోరాటమే. వేసవి ఖాకీ దుస్తులతో ఐరోపా చలిలో దిగి, మోకాటి లోతు బురదనీళ్లు నిలిచిన కందకాల్లో రోజుల తరబడి ఫిరంగి గుండ్ల కింద కూర్చోవలసి వస్తుందని వారికిగానీ, వారిని పంపినవారికిగానీ తెలియదు.

గాయపడినవారిని ఓడల్లో ఇంగ్లండు చేర్చి, అక్కడి నుంచి రైళ్లలో బ్రైటన్‌కు తీసుకువచ్చారు. పెవిలియన్, దాని పక్కనే ఉన్న డోమ్, కార్న్ ఎక్స్ఛేంజి అనే రెండు పెద్ద భవనాలు కలిపి 700కు పైగా పడకలు వేశారు. రాజుగారి పెద్ద వంటగది శస్త్రచికిత్స గదిగా మారింది. ఆ వంటగది ఇప్పటికీ చూడవచ్చు. తాటిచెట్ల ఆకారంలో పోతపోసిన ఇనుప స్తంభాల నడుమ నిలబడి, ఇక్కడే మన రైతుబిడ్డల కాళ్లూ చేతులూ కోశారని తలచుకున్నప్పుడు కలిగే బాధ ఏ వివరణ ఫలకమూ కలిగించలేదు. ఆహార నియమాల కోసం ఆవరణలో తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకు, ముస్లిములకు వేరువేరు నీటి కుళాయిలు, మాంసం కోసే చోట్లు వేరు, సిక్కుల ప్రార్థనకు ఒక డేరా, ముస్లిముల నమాజుకు పచ్చిక మీద స్థలం, సూచన పలకలన్నీ ఉర్దూ, హిందీ, గురుముఖి లిపుల్లో. ఇంత శ్రద్ధ ఒక వలస ప్రభుత్వం తీసుకుందంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఇవన్నీ నిజంగా జరిగాయి.

గ్యాలరీకి ప్రాణం అప్పటి ఫోటోలే. డోమ్ లోపల వలయాకారంగా పరచిన పడకల వరుసలు, చెక్కడపు పనితనం మధ్య తెల్లటి దుప్పట్లు, ఆ దుప్పట్ల మీద నిటారుగా కూర్చుని కెమెరా వైపు చూస్తున్న గడ్డాల మనుషులు. వీటిలో చాలా చిత్రాలను తీసింది బ్రైటన్‌కు చెందిన ఏ.హెచ్. ఫ్రై అనే ఛాయాగ్రాహకుడు. వాటిలో ఒకదాని ముందు తీరికగా నిలబడి ముఖాలను ఒక్కొక్కటిగా చూడమని నా సలహా. తలపాగాలు శుభ్రంగా చుట్టి ఉన్నాయి, దుప్పట్లకు ముడతలు లేవు, ఎవరూ నొప్పితో మెలికలు తిరగడం లేదు. ఫోటో తీయడానికి ముందు వార్డును సర్దారని ఎవరికైనా అర్థమవుతుంది. 1915లో బ్రైటన్ నగరపాలక సంస్థ ఇంగ్లీషు, గురుముఖి, ఉర్దూ భాషల్లో ఒక సచిత్ర పుస్తకం అచ్చువేసి సిపాయిలకు పంచింది. రాజు తన సొంత భవనాన్ని మీకు ఇచ్చాడన్న కబురు పంజాబు పల్లెలకు చేరాలన్నది దాని ఉద్దేశం. చేరింది కూడా. గ్యాలరీలో చూసే చాలా దృశ్యాలు ఆ ప్రచారం కోసం తయారైనవే కాబట్టి, వాటిని చూసేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోవాలి.

ఆ పుస్తకం చెప్పని ముఖ్య విషయం ఒకటుంది. ఈ ఆసుపత్రి పని సిపాయిని బాగుచేసి ఇంటికి పంపడం కాదు, వీలైతే మళ్లీ కందకంలోకి పంపడం. భారతదేశం నుంచి కొత్త బలగాలు రావడానికి వారాలు పట్టేది, వచ్చినవారు చాలేవారు కాదు. అందువల్ల గాయం మానినవాడిని తిరిగి ఫ్రాన్సుకు పంపే పద్ధతి అమలైంది. తెల్ల సైనికుడు కోలుకున్నాక కొన్నాళ్లయినా ఇంటివాళ్లను చూసి రాగలిగేవాడు. సిపాయికి ఇల్లు సముద్రాలకు ఆవల ఉంది. మంచి భోజనం, మెత్తటి పడక, వార్డులో ప్రార్థనకు సౌకర్యం అన్నీ ఉన్నప్పటికీ, తనకు నిజంగా కావలసిన సెలవు మాత్రం అతనికి దొరకలేదు. ఆ కాలపు ఉత్తరాల్లో పదేపదే కనబడే ఫిర్యాదు ఇదే: ఒకసారి గాయపడినవాడిని మళ్లీ ఎందుకు పంపుతున్నారు?

ఈ ఉత్తరాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సిపాయిలు రాసినవి, చదువురానివారు తోటివారిచేత రాయించినవి, ఫ్రాన్సులో ఏర్పాటైన ప్రత్యేక సెన్సారు కార్యాలయం గుండా వెళ్లేవి. ఐ.సి.ఎస్. అధికారి ఈవెలిన్ హౌవెల్ మొదట్లో దానికి ప్రధానాధికారి. వాటిలోంచి ఎంచిన భాగాలను ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి, తన వ్యాఖ్యతో పై అధికారులకు నివేదికలు పంపేవారు. మూల ఉత్తరాలు చాలావరకు మనకు మిగలలేదు కానీ, ఆ నివేదికలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు పత్రాల్లో భద్రంగా ఉన్నాయి. యుద్ధకాలంలో ఒక రైతు మనసు ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతటి సాక్ష్యం మరెక్కడా దొరకదని నా నమ్మకం. ప్రతి ఉత్తరమూ పంట గురించి, వానల గురించి, గేదెల గురించి, అప్పు ఎంత తీరిందన్న దాని గురించి అడుగుతుంది. యుద్ధాన్ని వర్ణించవలసి వచ్చినప్పుడు కూడా ఆ రైతుకు అందుబాటులో ఉన్న మాటలు పొలానివే. ఫిరంగి గుండ్లు వర్షాకాలపు వానలా కురుస్తున్నాయని ఒకరు రాశారు. కోత కోసి పరచిన పనల్లా శవాలు నేలను కప్పేశాయని ఆ ఉత్తరమే అంటుంది. పేలాల మంగలంలో గింజలు వేగినట్టు మనుషులు వేగిపోతున్నారని ఇంకొకరు రాశారు. కోతలు, కళ్లం, మంగలం, బతుకుకు ఆధారమైన ఈ పనులన్నీ చావుకు గుర్తులుగా మారిపోయిన మనిషి తిరిగి ఊరు చేరి, కొడవలి పట్టి పంట ముందు నిలబడినప్పుడు ఏమనుకొని ఉంటాడన్న ఆలోచన నన్ను వదలలేదు.

1915 జనవరిలో హౌవెల్ తన నివేదికలో ఒక విచిత్రమైన విషయం గమనించాడు. సిపాయిల ఉత్తరాల్లో కవిత్వం ఎక్కువవుతోందని, అది మనసు కలతపడుతున్నదనడానికి చెడు సూచనగా తనకు తోస్తోందని రాశాడు. అతను వైద్యుడు కాడు, ఆ సిపాయిల క్షేమం చూడటం అతని ఉద్యోగమూ కాదు. దళాల విధేయత సడలుతోందేమో కనిపెట్టడం అతని పని. అయినా, వార్డులో గాయానికి కట్టు కట్టేవారి రికార్డులకు ఎక్కని సంగతి అతని కంటపడింది. సూటిగా రాస్తే సెన్సారు ఆపుతాడేమోనన్న భయం ఒకవైపు, ఇంట్లో ఆడవాళ్లు బెంగపెట్టుకుంటారన్న సంకోచం మరోవైపు ఉన్నవారికి పాట, పద్యం, పొడుపు మాట తప్ప దారి లేదు. నల్ల మిరియాలు అయిపోయాయని, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారని రాస్తే భారత సిపాయిలు నేలకూలారని, తెల్ల సైనికులు పోరాడుతున్నారని ఊరివారు గ్రహించాలి. తమ్ముణ్ణి పల్టన్‌లో చేరనివ్వవద్దని కొందరు నేరుగానే రాశారు. ఇంకొందరు నల్లజీడి గింజతో ఒంటికి జబ్బు తెచ్చుకునే ఉపాయం గురించి రాసుకున్నారు. ఈ చివరి రకం ఉత్తరాలను పిరికితనంగా చదివినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. దాన్ని పిరికితనం అనడానికి నేను ఒప్పుకోను. భరించగలిగినంత భరించిన మనిషికి, బాధ చెప్పుకోవడానికి తగిన వైద్యుడు లేనప్పుడు, ఒంటి మీద జబ్బు ఒక్కటే అంగీకారయోగ్యమైన కారణంగా మిగులుతుంది.

1914 చివరలో చేతికి గాయాలైన సిపాయిలు ఎక్కువగా వస్తున్నారని, వాళ్లే కాల్చుకుంటున్నారని అధికారుల్లో అనుమానం పుట్టింది. బ్రైటన్‌లోనే ఉన్న కిచెనర్ భారత ఆసుపత్రి అధిపతి కల్నల్ బ్రూస్ సీటన్ వెయ్యిమంది గాయాలను పరిశీలించి నివేదిక తయారుచేశాడు. ఆ అనుమానానికి అందులో బలం దొరకలేదు. గాయం ఎక్కడ తగిలింది, ఏ కోణంలో తగిలిందన్న లెక్కకు అంత శ్రమపడిన వ్యవస్థ, ఆ మనుషులకు నిద్ర పడుతోందా, కలల్లో ఏం చూస్తున్నారు అని అడిగిన దాఖలా నాకు కనబడలేదు. ఆ కిచెనర్ ఆసుపత్రి చుట్టూ ముళ్లకంచె వేసి, సిపాయిలను స్వేచ్ఛగా ఊళ్లోకి పోనివ్వకుండా కాపలా పెట్టారు. తెల్ల స్త్రీలతో మాటామంతీ పెరుగుతుందన్న భయమే అందుకు ప్రధాన కారణం. కోలుకుంటున్న మనిషికి నాలుగు గోడలు ఎంత భారమో అక్కడి ఉత్తరాలు చెబుతాయి. పెవిలియన్ చూసేవారెవరూ ఎల్మ్ గ్రోవ్ వీధిలోని ఆ పాత భవనం వైపు వెళ్లరు. ఇప్పుడది బ్రైటన్ జనరల్ హాస్పిటల్. ఈ రెండు ఆసుపత్రులను పక్కపక్కన పెట్టి చూస్తేనే కథ పూర్తవుతుంది.

యుద్ధంలో మనసు దెబ్బతినడాన్ని చెప్పే షెల్ షాక్ అనే మాటతో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన వ్యాసం 1915 ఫిబ్రవరిలో వచ్చింది, అంటే పెవిలియన్ పడకలు సిపాయిలతో నిండి ఉన్న రోజుల్లోనే. మానసికంగా దెబ్బతిన్న అధికారుల కోసం ఎడిన్‌బరోలో క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రి 1916లో తెరిచేనాటికి భారత పదాతి దళాలు ఫ్రాన్సు విడిచి మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) ఎడారికి చేరుకున్నాయి. తెల్ల అధికారికి దొరికిన ఆ కొద్దిపాటి అవగాహన సైతం పంజాబు రైతు దాకా రాలేదు.

గ్యాలరీలో జమేదారు మీర్ దస్త్ పేరు దగ్గర ఆగండి. 1915 ఏప్రిల్ 26న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర విషవాయువు దాడి మధ్య గాయపడిన ఎనిమిదిమంది అధికారులను మోసుకొచ్చినందుకు ఆయనకు బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆగస్టులో ఐదో జార్జి రాజు స్వయంగా ఈ పెవిలియన్ తోటలోనే దాన్ని ఆయన ఛాతీకి తగిలించాడు. అప్పుడు రాజును ఆయన అడిగింది భూమి కాదు, పింఛను కాదు. ఒకసారి గాయపడినవాడిని మళ్లీ కందకాలకు పంపవద్దని విన్నవించుకున్నాడు. పతకం గొప్పదే కానీ ఆ వాయువు తనకు విశ్రాంతి ఇవ్వడం లేదని, తన పని అయిపోయిందని తరువాత రాసుకున్నాడు. ఆయన సోదరుడు మీర్ మస్త్ అదే ఏడాది మార్చిలో తన మనుషులతో జర్మన్ల వైపు వెళ్లిపోయాడు. ఒకే ఇంటి బిడ్డలు ఒకే యుద్ధంలో ఇలా రెండు దారుల్లో నడిచారు. వారిలో ఒకరిని వీరుడనీ ఇంకొకరిని ద్రోహి అనీ పిలిచి ఊరుకోవడం సులువు. ఇద్దరి మీదా పడిన బరువు ఒక్కటే అని నాకు అనిపిస్తుంది.

ఫోటోల్లో లేని గొంతు వినాలనుకునేవారికి బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయపు ధ్వని భాండాగారంలో ఒక రికార్డు ఉంది. జర్మన్లకు చిక్కిన పంజాబు యువకుడు మాల్ సింగ్ చేత 1916 డిసెంబరు 11న వున్స్‌డార్ఫ్ బందీల శిబిరంలో మాట్లాడించి రికార్డు చేశారు. తన గురించి తాను వేరే ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పుకున్నాడు. హిందుస్థాన్‌లో వెన్న తిని పెరిగిన ఒక మనిషి ఉండేవాడని, అతను ఐరోపా యుద్ధానికి వచ్చాడని, జర్మనీ అతన్ని పట్టుకుందని, ఇంటికి పోతే మళ్లీ ఆ తిండి తింటాడని, ఇంకా ఇక్కడే ఉంచితే చచ్చిపోతాడని. పెవిలియన్ తొమ్మిది వంటశాలల ఏర్పాట్లు చూసి మెచ్చుకున్న తరువాత ఈ మాటలు గుర్తుకు వస్తే, ఆ తిండి ఆ మనిషికి ఎందుకు చాలలేదో తెలుస్తుంది. అతను అడిగింది తన ఇంటి వెన్న.

ఈ వార్డుల్లో తెలుగు సిపాయిలు ఉన్నారేమోనని వెదికేవారికి ఒక మాట. మద్రాసు దళాలు ఆ యుద్ధంలో ఎక్కువగా మెసపొటేమియా, తూర్పు ఆఫ్రికా వైపు పనిచేశాయి కాబట్టి, బ్రైటన్ చరిత్ర ప్రధానంగా ఉత్తరాది పల్లెలది. అయినా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం లాంటి ఊళ్లకు ఇది పరాయి కథ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటా సైనికులున్నందువల్ల మిలిటరీ మాధవరం అన్న పేరు తెచ్చుకున్న ఆ ఊరిలోనూ అన్న పొలం చూసుకుంటే తమ్ముడు పల్టన్‌కు వెళ్లాడు. సెలవు మీద వచ్చిన జవాను రాత్రిళ్లు నిద్రపోకుండా వాకిట్లో తిరుగుతుంటే గాలి సోకిందని తాయత్తు కట్టించే ఇళ్లు మన వైపు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లు ఈ గ్యాలరీ చూస్తే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

ఇక ఛత్రీ. ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని ఊరి బయట పాచమ్ గుట్టల మీద దహనం చేశారు. ముస్లిములను వోకింగ్ మసీదుకు దగ్గర్లోని హార్సెల్ కామన్‌లో ఖననం చేశారు. దహనం జరిగిన చోట ఎనిమిది స్తంభాల పాలరాతి ఛత్రీని కట్టి 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు చేత ఆవిష్కరింపజేశారు. చితులు పేర్చిన దిమ్మెలను మూడు గ్రానైట్ పలకలు కప్పి ఉంచాయి. ఆ 53 మంది పేర్లు చెక్కిన స్మారకాన్ని 2010లో పక్కనే నిలిపారు. అప్పటిదాకా పేర్లు లేకుండా ఉండటం పెద్ద లోటు, దాన్ని సరిదిద్దినందుకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘానికి కృతజ్ఞతలు చెప్పాలి.

వెళ్లేవారికి కొన్ని సూచనలు. పెవిలియన్ లోపలికి టికెట్ ఉంది, తోటలోకి ఉచితం. తోట దక్షిణ ద్వారం ఈ ఆసుపత్రి జ్ఞాపకంగా భారతీయుల కానుక, పాటియాలా మహారాజు 1921 అక్టోబరులో దాన్ని ప్రారంభించాడు. టికెట్ కొనలేనివారు కనీసం ఆ ద్వారాన్ని చూసి రావచ్చు. గ్యాలరీ తెరిచి ఉందో లేదో పెవిలియన్ వెబ్‌సైటులో ముందే చూసుకోండి. లోపల రాజుగారి గదుల దగ్గరే ఓపిక అయిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, పిల్లలతో వెళ్లేవారు గ్యాలరీకి సమయం మిగుల్చుకోవాలి. ఛత్రీ దాకా కారు వెళ్లదు. గొర్రెలు మేసే పచ్చిక బయళ్ల మీదుగా ఎత్తెక్కి నడవాలి, వాన కురిసిన మర్నాడు బురదగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకువెళ్లవద్దు. ఏటా జూన్ నెలలో అక్కడ స్మారక కార్యక్రమం జరుగుతుంది, ఆ రోజు వెళ్తే దారి చూపేవారు, ఈ చరిత్ర తెలిసినవారు తోడుంటారు. తేదీ ఏటేటా మారుతుంది కాబట్టి రైలు టికెట్లు కొనేముందే కనుక్కోండి.